వలెన్సియాలో రెండు దినములు

స్పెయిను దేశపు తూర్పుతీరమున, మధ్యధరా సముద్రము నానుకొని వలెన్సియా యను పట్టణము కలదు. క్రీస్తుపూర్వము 138వ సంవత్సరమున రోమనులు తూరియా నది యొడ్డున దీనిని నిర్మించిరి. నేడా పట్టణమధ్యమున నది లేదు. నదిని ఊరివెలుపలికి మళ్లించి, దాని గర్భమున తోటలు వేసికొన్నవారు వలెన్సియా ప్రజలు. ఈ వింత చూడవలెనను కోరిక నాకుండుట నిజమే కాని, మేమక్కడికి పోయినది వేరొక పనిమీద.

నా చెల్లెలు మూడేండ్లుగా మాడ్రిడు నగరమున ఉద్యోగము చేయుచున్నది. ఆమెకు వలెన్సియాలో ఇంతకంటె మంచి కొలువు దొరకినది. అద్దెయిల్లు వెదకుకొనవలెను. పట్టణములో అద్దెలు ఎక్కువ. దక్షిణపు శివారులో, బెనెతూసెర్ అను చిన్న ఊర, సగము అద్దెకు క్రింది అంతస్తు ఇల్లొకటి యున్నట్లు తెలిసినది. 2025వ సంవత్సరము మే నెలలో నేనామె యొద్దకు పోయి యుంటిని గనుక, "అక్కా, నీవుకూడ చూచి చెప్పినగాని నేను మాట ఇవ్వను" అని నన్ను వెంటబెట్టుకొని బయలుదేరినది. శనివారము ప్రొద్దున మాడ్రిడులో వేగపు రైలెక్కితిమి. రెండు గంటలు తిరుగకమునుపే వలెన్సియా చేరితిమి.

మొదట అంగడికి పోయితిమి. క్రొత్త ఊరి మంచిచెడ్డలు తెలియవలెనన్న ఆ ఊరి కూరగాయల అంగడి చూడవలెనని నా నమ్మకము. 1928లో తెరచిన ఈ నడియూరి సంత ఇనుముతోను అద్దముతోను కట్టిన పెద్ద మండపము, నడుమ గుమ్మటము. నారింజలు, చిక్కుళ్లు, కుంకుమపువ్వు, నత్తలు, పాములవంటి యీలు చేపలు అన్నియు ఒక్క కప్పు క్రిందనే అమ్ముదురు. నేల తుడిచినట్లున్నది, ఈగ లేదు. అచ్చట ఓర్చాతా యను పానీయము త్రాగితిమి. మన తుంగముస్తలకు దగ్గరి చుట్టమైన ఒక చిన్న గడ్డను నానవేసి, రుబ్బి, పిండి, చక్కెర కలిపి చల్లగా ఇత్తురు. మనయిండ్లలో కొబ్బరిపాలు తీయు పద్ధతియే.

సంతకెదురుగా పట్టువర్తకుల సభాభవనము కలదు. 1482లో కట్టనారంభించి 1533 నాటికి ముగించిరి. 1996లో దీనిని ప్రపంచవారసత్వ స్థలములలో చేర్చిరి. లోపలి స్తంభములు పురిపెట్టిన పట్టుదారపు పేటలవలె మెలిదిరిగి పైకప్పును మోయుచున్నవి. గోడచుట్టును లాటిను భాషలో ఒక శాసనము కలదు. మోసము చేయక, వడ్డీకాశింపక వర్తకము చేసినవానికి ఇహమును పరమును దక్కునని దాని భావము. శాసనము చదివి చెల్లెలు, "ఇంటి అద్దెలవారికి కూడ ఇటువంటిదొకటి చెక్కించిన బాగుండును" అని నవ్వినది.

ప్రధాన దేవాలయమునకు అపొస్తలుల వాకిలి యని పేరుగల ద్వారమొకటి యున్నది. ప్రతి గురువారము పండ్రెండు గంటలకు ఆ వాకిట నీళ్ల న్యాయసభ కూడును. చుట్టుపట్ల పొలములకు నీరిచ్చు ఎనిమిది కాలువల రైతులు ఎన్నుకొన్న పెద్దలు నల్లని అంగీలు ధరించి కూర్చుందురు. ఎవడో అడ్డుకట్ట వేసెననియో, వంతు తప్పి నీరు మళ్లించెననియో ఫిర్యాదు వచ్చును. కాగితములు, ప్లీడర్లు ఉండరు, వాదము నోటిమాటతోనే, తీర్పు అప్పటికప్పుడే, అప్పీలు లేదు. ముస్లిములు పాలించిన కాలమున వేసిన ఈ కాలువలతోపాటు వచ్చిన ఆచారమని చెప్పుదురు. మేము పోయినది శనివారమగుటచే ఉత్త వాకిలి మాత్రమే చూచితిమి. కాలువనీటి తగవులు మాత్రము కృష్ణా డెల్టాలో పుట్టి పెరిగిన మాకు క్రొత్తవి కావు.

సాయంకాలము నదిలోనికి దిగితిమి. ఔను, మెట్లు దిగి నదిలోనికే! పైన శతాబ్దములనాటి రాతివంతెనలు అట్లే యున్నవి. వాని క్రింద నీటికి బదులు తాటిచెట్లు, నారింజచెట్లు, బంతియాటల మైదానములు. ఇట్లు తొమ్మిది కిలోమీటర్ల దూరము నడచిపోవచ్చును. సముద్రమువైపు చివర సాంతియాగో కలత్రావా యను వలెన్సియా శిల్పి కట్టిన తెల్లని విచిత్రభవనములు కలవు. వానికంటె నాకు వంతెన క్రింద బండిలో పసిబిడ్డను నిదురపుచ్చుచున్న ముసలమ్మయే ఎక్కువ ముచ్చటగా కనబడినది.

ఈ తోట వెనుక ఒక దుఃఖమున్నది. 1957 అక్టోబరు 14వ తేదీన తూరియా పొంగి పట్టణమును ముంచినది. ఎనుబదిమందికి పైగా మరణించిరి. అటుపిమ్మట ప్రభుత్వము ఊరికి దక్షిణముగా ఇంచుమించు పండ్రెండు కిలోమీటర్ల పొడవున పెద్దకాలువ త్రవ్వించి నదిని దానిలోనికి మళ్లించినది. ఆ ఖర్చుకై వలెన్సియా జనులు తాము వేయు ఉత్తరములకు చాలయేండ్లు అదనపు బిళ్ల అంటించుచు వచ్చిరి. ఎండిన పాతగర్భములో మోటారుబాట వేయుదమని అధికారులు తలపెట్టగా, మాకు పచ్చదనము కావలెనని ప్రజలు పట్టుబట్టి సాధించుకొనిరి.

ఇక పనిసంగతి. సోదరీమణులారా, 2024 సెప్టెంబరు 1వ తేదీన బుడమేరు పొంగి విజయవాడలో సింగునగరము మున్నగు పేటలను ముంచిన సంగతి మీరెరుగుదురు. మా అమ్మ ఉన్నది ఆ పేటలోనే, క్రింది వాటాలో. నాలుగు దినములు పొరుగువారి డాబామీద గడపినది. నేను హైదరాబాదులో, చెల్లెలు మాడ్రిడులో, ఫోను కలియదు. పెండ్లినాటి బీరువా, నాన్నగారి పటములు, బియ్యపు డబ్బాలు అన్నియు బురదపాలైనవి. మరి రెండు నెలలు గడవకమునుపే, అక్టోబరు 29న, వలెన్సియా దక్షిణపు ఊళ్లపై అట్టి నీరే వచ్చిపడినది. చివా యను ఊర ఎనిమిది గంటలలో 491 మిల్లీమీటర్ల వాన కురిసెను. ఏడాదిలో పెక్కుదినములు ఎండియుండు పోయో యను వాగు ఒక్కసారిగా విరుచుకుపడినది. సెల్‌ఫోనులకు హెచ్చరిక వచ్చునప్పటికి రాత్రి ఎనిమిది గంటల పదకొండు నిమిషములు; అప్పటికే పెక్కు వీథులు మునిగియున్నవి. ఆ మండలమున రెండువందల ఇరువది మందికి పైగా మృతులైరి. కార్లను కాపాడుకొనుటకు నేలమాళిగలకు దిగినవారు, క్రింది ఇండ్లలోని వృద్ధులు వారిలో చాలమంది.

త్రవ్విన కాలువ పట్టణమును కాపాడినది. కాని ఆ వాగు కాలువలో కలియునది కాదు. దాని త్రోవ వేరు, ఆవలి ఊళ్ల నడుమనుండి సరస్సులోనికి. ఆ త్రోవ ప్రక్కలనే గడచిన అరువదియేండ్లలో ఇండ్లు దట్టముగా లేచినవి. బుడమేటి కథయు ఇంతేకదా! ఎండినవాగును జనులు మరతురు, వాగు తన దారిని మరువదు.

ఆదివారము ప్రొద్దున కాలువమీది నడకవంతెన దాటితిమి. వరద మరునాటినుండి పట్టణపు యువతీయువకులు వేలకొలదిగా చీపుళ్లు, పారలు, బకెట్లు పట్టుకొని బురద యెత్తుటకు ఈ వంతెనమీదనే నడచిపోయిరి. అవతల లా తోర్రె అను పేట, దానిని దాటి కొంతదూరము నడచిన బెనెతూసెర్. క్రొత్తసున్నము వేసిన గోడలు కొన్ని. మనిషియెత్తున గోధుమరంగు గీత చెరగని గోడలు కొన్ని.

ఇంటి యజమానురాలు డెబ్బదియేండ్ల వితంతువు, మొదటి అంతస్తులో కాపురము. క్రింది ఇల్లు తెరచి చూపినది. క్రొత్తపలకలు, క్రొత్తవంటగది, అంతయు బాగుగనే యున్నది. అద్దె తక్కువ యేమని చెల్లెలు స్పానిషులో అడిగినది. ఆమె జవాబు చెప్పక తలుపు వెనుకకు మమ్ము పిలుచుకొనిపోయి, సున్నము వేయింపక తాను వదలివేసిన జానెడు గోడ చూపినది. గీత నా కనుబొమల యెత్తున ఉన్నది. ఆ రాత్రి తాను దుప్పట్లు ముడివేసి జారవిడచి, ఎదురింటి ముసలివానిని పైకి లాగితినని చెప్పి, "అద్దె కావలసినదాననే, కాని చూపకుండ ఇవ్వలేను" అన్నది. చెల్లెలు నాకు తెలుగున ఈ మాట చెప్పునప్పుడు దాని గొంతు గద్గదమైనది. వర్తకుల భవనములోని శాసనము ఆమె చదివెనో లేదో!

మూడవ అంతస్తులో చిన్నవాటా యొకటి ఖాళీగా నున్నదట. అద్దె నూట ఏబది యూరోలు ఎక్కువ. లిఫ్టు నీటిలో చెడినది, ఇంకను బాగుపడలేదు. ఎక్కి చూచితిమి. ఒక పడకగది, బట్టలారవేయుటకు వసారా, గాలివెలుతురు. ఆలోచించి చెప్పెదమని దిగితిమి.

తిరిగి పట్టణమునకు వచ్చి, బస్సెక్కి అల్బుఫెరా సరస్సునకు పోయితిమి. చిన్నసముద్రమని ఆ అరబ్బీ మాటకు అర్థము. దాని చుట్టును వరిపొలములే! అప్పుడప్పుడే మళ్లలోనికి నీరు పెట్టుచుండిరి. మనవలె నారుపోసి నాటరు. విత్తులే నీటిలో చల్లుదురు. నీరునిండిన మళ్లలో కొంగలను చూచి, దేశము విడిచి వచ్చినామన్న మాట మరచితిమి.

ఎల్ పల్మార్ గ్రామమున పయేయా భుజించితిమి. పయేయా యన్నది పెనము పేరు; అందు వండిన అన్నమునకును అదే పేరు. అసలైనదానిలో కోడి, కుందేలు, చిక్కుడు గింజలు వేయుదురు. మేము కూరగాయలతో చేసినది అడిగితిమి. వెడల్పైన పెనములో నూనెపోసి కూరలు వేయించి, నీరుపోసి మరిగించి, కుంకుమపువ్వు వేసి, పొట్టిబియ్యము పలుచగా పరతురు. తరువాత గరిటె పెట్టరు. గంజి వార్చరు, మన అత్తెసరు వలె నీరు బియ్యముననే ఇమిడిపోవలెను. అడుగున ఎఱ్ఱగా అంటుకొన్న మాడును సొకర్రాత్ అందురు. దానికై పిల్లలు పోట్లాడుకొందురట. మా యింట కూడ చిన్ననాడు మాడు నాదంటే నాదని తగవే. పెద్దదానిని గనుక ఈసారి చెల్లెలికే విడిచిపెట్టితిని.

భోజనమైన పిమ్మట అమ్మకు ఫోను చేసితిమి. అక్కడ రాత్రి ఎనిమిదిన్నర. చెల్లెలు అద్దె చెప్పినది, గదుల కొలత చెప్పినది, వసారా సంగతి చెప్పినది. అమ్మ అన్నియు విని, "మెట్లెన్ని?" అని అడిగినది. ఏబదినాలుగు, లిఫ్టు పనిచేయదు అని చెల్లెలు జంకుచు చెప్పగా, "పైనే తీసికొనవే. బియ్యపుడబ్బా మోయుటకు కష్టమగును, కొంచెము కొంచెముగా తెచ్చుకొనుము" అన్నది. సాయంకాలపు రైలెక్కుటకు ముందే చెల్లెలు ఆ యింటావిడకు బయానా పంపినది.