కొలకలూరులో తాతయ్య తుపాకి

కొలకలూరుకు స్టేషనున్నది గాని, నేనెక్కిన బండికి అక్కడ ఆగే తీరిక లేదు. దుగ్గిరాల దాటిన కాసేపటికి కిటికీలోంచి మా ఊరి పేరు ఒక్క క్షణం కనుపించి వెనక్కి పోయింది. తెనాలిలో దిగి, వచ్చిన దారినే ఆటోలో తిరిగి రావాలి. చిన్నప్పటినుంచీ నేను మా ఊరు చేరడం ఇలా ముందు దాటిపోయి, తరువాత వెనుదిరిగే.

ఆటో రణరంగచౌకు మీదుగా పోయింది. 1942 ఆగస్టు 12న తెనాలిలో పోలీసులు జరిపిన కాల్పుల్లో చనిపోయిన ఏడుగురికి అక్కడ స్మారకం కట్టారు. ఎప్పుడూ ఒక నమస్కారం పెట్టి సాగిపోయేవాణ్ణి. ఈసారి చూపు అక్కడే నిలిచింది. ఆనాడు తుపాకులన్నీ ఒక్కవైపే ఉన్నవి గదా అనిపించింది. నేను వెళ్తున్నదీ తుపాకి పనిమీదే మరి.

మా ఇంటి నడవలో తాతయ్య ఫొటోకూ, గోడగడియారానికీ మధ్య ఒక జోడు గొట్టాల తుపాకి వేలాడుతూ ఉంటుంది. తాతయ్య తరువాత దాని లైసెన్సు నాన్న పేరిట మారింది. నాన్నకిప్పుడు డెబ్బయ్యారు. లైసెన్సుదారుకు డెబ్బయ్యేళ్లు నిండితే వారసుడి పేరిట మార్పించుకొనే వీలు 2016 నాటి ఆయుధాల నిబంధనల్లో ఉన్నది. టెక్సాసులో ఉన్న తమ్ముడు తనకు అభ్యంతరం లేదని రాసి పంపాడు. వాడుండే రాష్ట్రంలో 2021 సెప్టెంబరు నుంచి ఇరవై ఒకటి నిండినవాడు, చట్టం వేరే అడ్డు చెప్పకపోతే, లైసెన్సు లేకుండానే పిస్తోలు వెంట పెట్టుకొని తిరగవచ్చునట. మా అమ్మ బెంగ అంతా అక్కడి తుపాకుల మీదనే. ఇంట్లోదానిమీద ఆమెకు బొత్తిగా గౌరవం లేదు.

"దొంగ వస్తే తుపాకి దించి, తోటాలు ఏ బీరువాలో పెట్టామో వెతికి, కళ్లజోడు తెచ్చుకొనేదాకా వాడికి కాఫీ ఇచ్చి కూర్చోబెట్టాలి" అంటుంది.

ఎన్నికలంటే మా నాన్నకు ఓటుకంటె ముందు తుపాకి గుర్తుకు వస్తుంది. స్టేషనులో అప్పగించి రసీదు తెచ్చుకోవాలి. ఫలితాలు వచ్చాక, పుట్టింటినుంచి వచ్చిన కోడలిని తెచ్చుకొన్నట్టు తెచ్చుకొంటాడు.

భోజనాలయ్యాక ఫారం నా ముందు పెట్టాడు. ఎందుకింత పట్టుదల అని అడిగాను.

"తెల్లవాడు మన చేతుల్లోంచి లాక్కొన్నదిరా ఇది" అన్నాడు.

ఆ మాటలో నిజం ఉన్నది. లిట్టన్ ప్రభువు కాలంలో 1878లో వచ్చిన ఆయుధాల చట్టం భారతీయుడు లైసెన్సు లేకుండా తుపాకి ఉంచుకోరాదన్నది, దొరలకు మినహాయింపు. అహింసను నమ్మిన గాంధీగారే ఆ చట్టాన్ని ఆంగ్ల పాలన చేసిన మహాపచారాల్లో చేర్చారు. 1931లో కరాచీ కాంగ్రెసు చేసిన హక్కుల తీర్మానంలో, నిబంధనలకు లోబడి ఆయుధం ఉంచుకొనే హక్కు కూడా ఉన్నది. తీరా స్వరాజ్యం వచ్చి, 1948 డిసెంబరులో రాజ్యాంగ సభలో కామత్ దాన్ని ప్రాథమిక హక్కుగా చేర్చమంటే అంబేద్కర్ ఒప్పుకోలేదు. సవరణ వీగిపోయింది. 1959లో కొత్త చట్టం వచ్చినా లైసెన్సు ఉండనే ఉన్నది. నన్నడిగితే అంబేద్కర్ మాటే సబబు. మన పల్లెల్లో అందరికీ హక్కు అంటే, ముందు ఎవరింటికి తుపాకి చేరుతుందో ఆయనకు తెలియనిదా?

సాయంత్రం కాలువగట్టు మీద పోతుంటే మా పాత పాలికాపు ఎదురైనాడు. తుపాకి సంగతి చెప్పి, తాతయ్య దొంగల ముఠాను తరిమిన కథ ఎత్తాను. ఆ కథ వింటూనే మేం పెరిగాం. కుప్పల కాపలాకు పోయిన తాతయ్య అర్ధరాత్రి గాలిలోకి రెండు గుళ్లు పేల్చాడనీ, అయిదారుగురు దొంగలు మూటలు పారేసి పరారైనారనీ. ఆయన నవ్వాడు.

"అయిదారుగురు కాదు బాబూ, నేనొక్కణ్ణే. మూటలు కాదు, మోపెడు గడ్డి. గేదె ఈనింది, ఇంట్లో పరక లేదు."

నాకు మాట రాలేదు. కాసేపటికి ఆయనే చుండూరు ఎత్తాడు. చుండూరు మాకు తెనాలి అవతల. 2022లో జిల్లాలు విడదీసినప్పుడు అది బాపట్ల కింద చేరింది, మేము గుంటూరులోనే ఉండిపోయాం. 1991 జూలైలో సినిమాహాల్లో కాలు తగిలిందన్న గొడవ ముదిరి, దళితులను కూలికి పిలవడం మానేసేదాకా వచ్చింది. ఆగస్టు 6న, పోలీసులు ఊళ్లో ఉండగానే, పట్టపగలు ఎనిమిదిమంది దళితులను వెంటాడి గొడ్డళ్లతో, ఇనపకడ్డీలతో చంపారు. శవాలను గోతాల్లో కుక్కి కాలువల్లో పారవేశారు. తుపాకితో పని పడలేదు. చుండూరులోనే ప్రత్యేక న్యాయస్థానం కూర్చుండి 2007 జూలై 31న ఇరవైఒక్కమందికి యావజ్జీవ శిక్ష వేసింది. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు అందరినీ వదిలివేసింది.

ఇలాంటి ఊళ్లకోసమే 1995లో అత్యాచారాల నిరోధక చట్టం కింద ఒక నిబంధన వచ్చిందని ఆయనకు చెప్పాను. భయమున్న ప్రాంతంలో ఇతరుల తుపాకి లైసెన్సులను రాష్ట్ర ప్రభుత్వం రద్దు చేయవచ్చు. అవసరమనుకొంటే దళితులకు, గిరిజనులకు ఆత్మరక్షణకు లైసెన్సులు ఇవ్వవచ్చు.

"ఇస్తారు కాబోలు బాబూ. తోటాలు ఎవరు కొంటారు? ఇంట్లో తుపాకి ఉందని తెలిస్తే పొద్దున్నే కూలికి ఎవరు పిలుస్తారు?"

క్లాసులో దేనికైనా జవాబు చెప్పే అలవాటున్నవాణ్ణి. ఈ ప్రశ్నకు ఏ జవాబూ తోచలేదు.

రాత్రి నాన్నతో చాలాసేపు వాదించాను. ఆత్మరక్షణ హక్కుకు లైసెన్సు అక్కరలేదన్నాను. పాత శిక్షాస్మృతిలో 96 నుంచి 106 వరకు ఉన్న సెక్షన్లే 2024 జూలై నుంచి న్యాయ సంహితలో 34 నుంచి 44 వరకు ఉన్నవి. చేతికి అందిన దుడ్డుకర్రతో అయినా మన ప్రాణాన్నీ, పొరుగువాడి ప్రాణాన్నీ, సొత్తునూ కాపాడుకోవచ్చు. కాని అవసరానికి మించి దెబ్బ వేయరాదు. పోలీసులను పిలిచే వ్యవధి ఉంటే ఆ హక్కే ఉండదు.

"పిలిస్తే వస్తారా?" అన్నాడు నాన్న.

"చుండూరులో పిలవకుండానే ఉన్నారు" అన్నాను. అనకుండా ఉండవలసింది, ఆయన ముఖం చిన్నబోయింది.

పొద్దున లేచేసరికి నాన్న తుపాకిని బల్లమీద పెట్టుకొని నూనెగుడ్డతో తుడుస్తున్నాడు. ఫారం పక్కనే ఉన్నది.

"ఆ రాత్రి గడ్డి తీసుకొన్నది ఎవరో నీకు తెలుసా నాన్నా?"

"తెలుసు. మీ తాతకూ తెలుసు. వెన్నెల రాత్రి. అందుకే పైకి పేల్చాడు."

"అమావాస్య అయి ఉంటే?"

నాన్న తుడవడం ఆపాడు. అమ్మ వంటింట్లోంచి కాఫీకి పిలిచింది. నేను సంతకం పెట్టకుండానే లేచాను.