క్రింది గది



కంకిపాడులో నేను కాపురముండు గృహము పాతకాలపు మేడ. పై గదికి నేల టేకు బల్లలతో పరచినది. మన చుట్టుపట్ల టేకు అడవులు లేవు. 1852లో గోదావరి మీద ధవళేశ్వరము ఆనకట్టయు, 1855లో కృష్ణ మీద బెజవాడ ఆనకట్టయు పూర్తియైన పిమ్మట, ఆ రెండు నదుల కాలువలు ఏలూరు వద్ద కలిసినవి. ఆ దినములలో మన్యపు టేకు నీటి మీదనే ప్రయాణము చేసెడిది. మా బల్లలు కూడ అట్లు వచ్చినవే యని వృద్ధులు చెప్పుదురు.

క్రింది గది సంగతి వేరు. దానిని ఎవరును పూర్తి చేయలేదు. మట్టి నేల, పూత లేని గోడలు, ఒకటే చిన్న కిటికీ. విరిగిన బల్లలు, పాత గోనెలు అక్కడనే. మా గుడి గంట కొట్టు తాత కూడ అక్కడనే.

2023లో పై నేల చెడినట్లు కనబడెను. ప్రతి బల్లకును అంచులు లేచి, నడుమ పల్లమాయెను. ప్రార్థనకు వచ్చు పిల్లలు తట్టుకొని పడుచుండిరి. స్త్రీల సమాజమువారు పిడికెడు బియ్యము కూర్చిన సొమ్ము నా చేతికిచ్చిరి. క్రిస్మసు లోపల పని ముగింపవలెనని వడ్రంగిని పిలిచితిని. అతడు బల్లల మీద అరచేయి ఉంచి చూచి, క్రిందికి దిగి, మరల పైకి వచ్చెను.

“అయ్యగారండీ, రోగం పైన లేదు. బల్ల అడుగు చెమ్మ తాగి ఉబ్బుతోంది, పైభాగం ఎండి ముడుచుకుంటోంది. అందుకే అంచులు లేచినాయి. ఇప్పుడు చిత్రిక పడితే, రేపు అడుగు ఆరినాక నడుమ ఉబ్బుద్ది. ముందు కింద గది బాగుచేయించండి” అనెను.

“పండుగ దగ్గర పడినదయ్యా, క్రింది సంగతి తరువాత చూతము” అంటిని.

అతడు మేకులను లోనికి దిగగొట్టి, చిత్రిక పట్టి, ఉప్పు కాగితముతో రుద్ది, పగుళ్లను రంపపు పొట్టుతో పూడ్చి, రెండు పూతలు వార్నీషు వేసెను. దీపము వెలిగించినప్పుడు నేల అద్దమువలె మెరసెను. అందరును మెచ్చుకొనిరి. తాత మాత్రము నాతో, “పగుళ్లు పూడ్చారు గదండీ, అయ్యగారూ. ఇప్పుడు మీరు చదివే వాక్యం కిందికి వినబడటం లేదు” అనెను. “పైకి రావయ్యా తాతా” అని నవ్వితిని. అతని మోకాళ్లు మెట్లెక్కలేవని నేనెరుగుదును.

2024 సెప్టెంబరు మొదట బుడమేరు పొంగి విజయవాడను ముంచినప్పుడు మా నల్లనేల కూడ నీరు కక్కెను. కొలది దినములలో వార్నీషు తెల్లబారి పొరలుగా రాలెను. నేను దీపము పట్టుకొని క్రిందికి దిగితిని. బల్లల అడుగు చూచుటకే దిగితిని గాని, తాతను చూచుటకు కాదు. ఈ మాట దాచక వ్రాయుచున్నాను. అతని నులకమంచము కోళ్ల క్రింద ఇటుకలుండెను. ఇటుకలు తడిసియుండెను. దుప్పటి తడిసియుండెను. అతడు గోడవైపు తిరిగి దగ్గుచుండెను. నేల మీద అరచేయి ఉంచితిని, చేయి తడియాయెను. బల్లల రోగమును అతని రోగమును ఒక్కటే. నేను బల్లలకు మాత్రమే వైద్యము చేయించితిని.

ఆ రాత్రియే అతనిని మా వసారా గదికి తెచ్చుకొంటిమి. ఆదివారమున సంఘము ముందు నా తప్పు ఒప్పుకొంటిని. స్త్రీల సమాజములో ఒక పెద్దామె, “అయ్యగారూ, అవి మా పిల్లల కంచంలో తీసిన బియ్యం. ఈసారి కిందనుంచి మొదలుపెట్టండి” అనెను. అంతకన్న మంచి ప్రసంగము నేను చేసి యెరుగను.

2025 వేసవిలో క్రింది గదిలో మూరెడు మన్ను త్రవ్వి తీసితిమి. ఇసుక, ఇటుక ముక్కలు దట్టించి, మందపు ప్లాస్టిక్ పట్టా పరచి, దానిపై కాంక్రీటు వేసితిమి. గాలి ఆడుటకు ఎదురుగా మరియొక కిటికీ పెట్టించితిమి. చూరు నీరు గోడను తాకకుండ కాలువ తీసితిమి. పిమ్మట ఎండలు ముగియువరకు బల్లలను ముట్టక కనిపెట్టితిమి. అంచులు తమంతట తామే చాలవరకు దిగినవి. కొన్నిటికి మాత్రము వడ్రంగి చెప్పినట్లే నడుమ ఉబ్బెను. వాటిని మరల చిత్రిక పట్టవలసి వచ్చెను. బల్ల మందములో నా తొందర తినివేసిన భాగము తిరిగి రాదు.

ఈసారి అవిసె నూనె పూసితిమి. నూనె గుడ్డలను ముద్దగా పడవేయరాదు. అవి తమంతట తామే వేడెక్కి అంటుకొనును. తీగ మీద విప్పి ఆరవేయవలెను. ఈ పని చేయువారు ఇది మరువకుందురు గాక.

తాత ఆరిన గదికి తిరిగి వెళ్లెను. దగ్గు పూర్తిగా పోలేదు, తగ్గినది. అతని మంచమునకు సరిగా పైనున్న ఒక పగులును పూడ్చవద్దని వడ్రంగితో చెప్పితిని. సాయంకాల ప్రార్థనలో ఆ పగులు దగ్గర కూర్చుండి, కొంచెము గట్టిగా చదువుచున్నాను.

గిన్నెకు వెలుపల మాత్రమే శుద్ధిచేయువారిని మన ప్రభువు గద్దించెను. ఆ మాట మీద నేను అనేక పర్యాయములు ప్రసంగించితిని, ఆ నేల మీదనే నిలువబడి. ప్రియులారా, మీ యింటిలో, మీ సంఘములో, పూర్తి చేయక విడిచిన క్రింది గది ఏదో మీకు తెలియును. పైన పూత వేయుటకు ముందు అక్కడికి దిగి, అరచేయి ఉంచి చూడుడి.