జకార్డు పుట్టిన ఊరు చూసొచ్చిన

మన షోలాపూర్‌లో జకార్డు సాంచ మీద చద్దర్లు నేసినోళ్లు ఇంటికొకరు దొరుకుతరు. నేనూ ముప్పై యేండ్లు నేసిన. జకార్డు అంటే సాంచ మీది సామాను పేరనే అనుకున్న గాని, అది ఒక మనిషి పేరని ఫ్రాన్స్ దేశంలోని లియాన్ పోయినాకనే తెలిసింది. మా చిన్నోడు అక్కడ పని చేస్తడు. నిరుడు పిలిపించుకున్నడు.

ఆ ఊళ్లో రోన్, సోన్ అని రెండు నదులు. ఆదివారం పొద్దున సోన్ ఒడ్డు పొంట పెద్ద సంత. కూరగాయలు, చేపలు, బండి చక్రమంత చీజు గడ్డలు. నడక వంతెన దాటితే పాత ఊరు. సన్న గల్లీలు, కొన్ని ఇండ్లకు ఐదు వందల యేండ్లట. మావోడు ఒక తలుపు తోసిండు. ఎవరిల్లో ఏమో అని నేను ఆగిన.

"రా బాపూ, ఇది తొవ్వే" అన్నడు.

లోపల చీకటి సందు, నడుమ వాకిలి, పైకి గుండ్రటి మెట్లు. అవతలి తలుపు తీస్తే ఇంకో గల్లీ! వీటిని త్రాబూల్ అంటరు. వానల పట్టు తడవకుండ నేతగాండ్లు వీటిలోంచే మోసేవాళ్లట. పైన జనం కాపురముంటున్నరు, అందుకే మెల్లగ మాట్లాడుకుంట నడిచినం.

మధ్యాహ్నం హోటల్‌ల ఒక వంటకం పేరు 'నేతగాని మెదడు'. "నాకొద్దురా" అన్న. తీరా చూస్తే వెల్లుల్లి, ఆకులు కలిపిన మెత్తటి జున్ను! ఆ పేరు మనల్ని మెచ్చుకునుడో, ఎక్కిరించుడో సమజు కాలే.

అక్కడ రెండు గుట్టలున్నయి. ఒకటి మొక్కే గుట్ట, ఒకటి పనిచేసే గుట్ట అంటరు. పనిచేసే గుట్ట పేరు క్రువా రూస్. మెట్రోల ఎక్కినం. ఇండ్ల కిటికీలు చాలా పొడుగున్నయి. ఎందుకో నాకెవరూ చెప్పనక్కర్లే. మగ్గం, దాని మీద జకార్డు పట్టాలంటే కప్పు నాలుగు మీటర్లన్న ఉండాలె గదా.

నేతగాండ్ల మ్యూజియంల ఒకాయన మగ్గం ఆడించి చూపిండు. ఆయన మాట ఒక్కటి తెలియలే. అట్టలు తిరుగుడు, పడుగు లేచుడు, నాడె ఉరుకుడు అన్నీ తెలిసినయి. సాంచల చప్పుడుకు నా కుడి చెవి ఎప్పుడో పోయింది. అయినా ఆ చప్పుడు కాళ్లకు తెలిసింది.

అంతకుముందు దారాలు లాగెటందుకు పిల్లలు ఉండేవాళ్లట. 1804ల జకార్డు కనిపెట్టిన మిషిను ఆ పని తీసుకుంది. నాలుగో తరగతిల బడి మాని కండెలు చుట్టినోన్ని, ఆ పిల్లలనే తలుచుకున్న.

1831ల ఈ గుట్ట మీదోళ్లు కూలి రేటు కోసం లేచిండ్రు. ఒప్పుకున్న రేటు సేట్లు ఇయ్యలేదు. నవంబర్‌ల గుట్ట దిగి ఊరినే పట్టుకున్నరు. తర్వాత పటాలం వచ్చింది, రేటు రద్దయింది. 1834ల మళ్లీ లేస్తే వందలమంది చచ్చిపోయిండ్రు. మావోడు చదివి చెప్తుంటే, తాళం పడ్డ మా మిల్లు గేటు ముందు కూసున్న దినాలు యాదికొచ్చినయి. నాకు రావాల్సిన పైసలు సగం ఇంకా రాలే.

కూడలిల జకార్డు విగ్రహం ఉంది. మావోడు ఫొటో తీసిండు.

రాత్రి మనుమరాలు కప్పుకున్న చద్దరు నేను షోలాపూర్ నుంచి తీసుకపోయిందే. దాన్ని తిరగేసి, ఎనుకపక్క నెమలి రంగులు ఎట్ల మారినయో చూపించిన.

"తాతా, ఇది ఆ బొమ్మాయన చేసిండా?" అన్నది.

"మిషిను ఆయనది, నేత మనది" అన్న. ఇంకా ఏదో అడగబోయి నిద్రపోయింది.