జాగిలము ముక్కు, పెద్దమ్మ కరివేపాకు

ఎల్‌బీ నగర్‌లో పుట్టి పెరిగి, ఇప్పుడు న్యూజెర్సీలో సంసారము చేసికొనుచున్న నాబోటివానికి స్వస్థలపు వాసనలు విమానము దిగిన మొదటి దినముననే దక్కును. విజయవాడ రహదారి మీది డీజిలు పొగ, మిర్చిబజ్జీల మూకుడు నుండి లేచు నూనె ఘాటు, మల్లెపూల బండి, వాన వెలిసిన తరువాత నాలాల నుండి వచ్చు కంపు, ఇవి యన్నియు ఆ ఒక్క దినము నాసికాపుటములను తాకును. మరునాటికి అవి అక్కడనే యుండగా నా ముక్కు వాటికి అలవడి, గమనించుటయే మానివేయును. గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్టు కొత్తపేటలో నున్న కాలమున, వేసవి వచ్చినదనగా బేనీషాన్ మామిడియు, వరిగడ్డియు, దొంగచాటుగా వాడు కార్బైడును కలిసి దిల్‌సుఖ్‌నగర్ దాక వ్యాపించెడి ఆ వింత పరిమళమును ఎరుగని బాలుడు మా పేటలో లేడు. మార్కెట్టు బాటసింగారమునకు తరలిపోయిన పిమ్మట ఆ చోట నిలిచి ఎంత ఊపిరి పీల్చినను నాకు సిమెంటు ధూళి తప్ప మరేమియు తెలియరాలేదు.

మా అపార్ట్‌మెంటు వాచ్‌మన్ అన్నము పెట్టి సాకుచున్న ఎర్రకుక్క యొకటి కలదు. నేను కారు దిగగానే అది వచ్చి, మొరుగక, నా బూట్లను అంగుళమంగుళము పరీక్షించెను. న్యూజెర్సీలో మా యింట ఒక లాబ్రడార్ ఉన్నది. ఆ బూట్ల మీద తల పెట్టి పడుకొనుట దానికి వాడుక. సముద్రముల కావలి నున్న తన సజాతిని గూర్చి, అది ఆడయో మగయో, ఏమి తినుచున్నదో, ఈ ఎర్రకుక్క ఎంత గ్రహించెనో చెప్పజాలను గాని, తీరికగా చాలసేపు విచారించినది మాత్రము అదియే. నన్ను చూడవచ్చిన బంధువులు జీతమెంత, ఇల్లెంత అని అడిగి ఊరకుండిరి.

ఈ శక్తికి మూలము ముక్కు నిర్మాణముననే కలదు. మనుష్యుని నాసికలో వాసనను గ్రహించు కణములు 50, 60 లక్షలుండగా, కుక్క ముక్కులో 20 కోట్లు మొదలుకొని 30 కోట్ల వరకు ఉండునని శాస్త్రజ్ఞుల అంచనా. సంఖ్య మాట అటుంచి, అందలి ఏర్పాటు మరింత చిత్రమైనది. కుక్క పీల్చిన గాలి ముక్కులోపల రెండు పాయలై, ఒక పాయ ఊపిరితిత్తులకు పోగా, రెండవది వెనుక భాగమున సుడులు తిరిగిన పలుచని ఎముకల అరలలోనికి పోయి, వాసనకు మాత్రమే ప్రత్యేకింపబడిన ఆ గదులలో కొంత తడవు నిలుచును. విడిచిన గాలి ముక్కు ప్రక్కల నున్న చీలికల గుండ వెనుకకు పోవును గనుక, లోనికి వచ్చుచున్న క్రొత్త వాసనకు అది అడ్డు తగులదు. సరికదా, ఆ వెలికి పోవు గాలి ఎదుటి గాలిని మరింతగా ముక్కు వైపునకు లాగి తెచ్చును. వాసన పట్టుచున్న కుక్క సెకనుకు ఐదు పర్యాయముల వంతున ఈ పని చేయుచుండును. ఇది చాలదన్నట్లు, ముందరి పండ్లకు వెనుక, అంగిటి మీద, తోటి జంతువుల సమాచారమును గ్రహించుటకు వేరొక ఇంద్రియమే దానికి కలదు.

వీటన్నిటి కంటె నన్ను విస్మితుని చేసినది మరియొకటి. మనుష్యుడు నడచిపోయిన జాడను అడ్డముగా తాకిన కుక్క, అతడు ఏ దిక్కునకు పోయెనో చెప్పగలదా యని 1993లో నార్వే పరిశోధకులును, 2005లో బెల్‌ఫాస్ట్ పరిశోధకులును పరీక్షించిరి. ఐదు అడుగులు చాలునని తేలినది. మొదటి అడుగునకును ఐదవ అడుగునకును నడుమ గడచిన కాలము రెండు మూడు సెకన్లే. ఆ స్వల్ప వ్యవధిలో ఒక అడుగు వాసన మరియొక అడుగు వాసన కంటె ఎంత పలుచనయ్యెనో పోల్చుకొని, ఏది ముందు పడినదో ఏది వెనుక పడినదో అది నిర్ణయించుకొనును. చైతన్యపురి మెట్రో స్టేషను మెట్ల క్రింద నిలిచినవానికి కనబడునది ఆ క్షణమున నున్న జనసమ్మర్దము మాత్రమే. అచ్చటనే తోక ముడిచి కూర్చున్న కుక్కకు ఉదయము పోయినవారును, ఇప్పుడే పోయినవారును, ఎటు పోయినవారును ఒక్క నేలమీదనే వరుసలు తీరి యుందురు. మనము గడియారమును చూచి తెలిసికొను కాలమును అది నేలను మూర్కొని తెలిసికొనుచున్నది.

మన పూర్వులు దీనిని ఎరుగనివారు కారు. పణులు అపహరించి దాచిన గోవుల జాడను ఇంద్రుని పక్షమున పోయి కనిపెట్టినది ఋగ్వేదము నందలి సరమ, దేవశుని (దేవతల ఆడుకుక్క) యని పేరుగొన్నది. భారతమున ఆదిపర్వమునకు వచ్చునప్పటికి అదే సరమ, జనమేజయుని తమ్ములు తన బిడ్డను నిష్కారణముగా కొట్టిరని రాజు నెదుటికి వచ్చి నిలదీయును. నన్నయ్య తెనుగు భారతమునను ఈ కథ కలదు. జాడ తీసిన తల్లికి స్తుతి, యజ్ఞవాటిక చెంత తిరిగిన బిడ్డకు దెబ్బలు! ఎల్‌బీ నగర్‌లో నేటికిని ఇదే న్యాయము నడచుచున్నది: పోలీసు వ్యానులో నుండి దిగిన జాగిలమునకు జనము దారి యిత్తురు, వీధిలోని దానికి రాయి విసరుదురు, ముక్కు రెండింటికిని ఒక్కటియే.

ఆ జాగిలములు దిల్‌సుఖ్‌నగర్ వారికి క్రొత్తవి కావు. 2002 నవంబరు 21న సాయిబాబా గుడి వద్ద బాంబు ప్రేలినది. 2007 ఆగస్టు 25న, లుంబినీ పార్కు, గోకుల్ చాట్ ప్రేలుళ్ళు జరిగిన రాత్రియే, దిల్‌సుఖ్‌నగర్ పాదచారుల వంతెన క్రింద ప్రేలని బాంబొకటి బయటపడినది. 2013 ఫిబ్రవరి 21 సాయంకాలమున 107 బస్టాపు వద్ద ఒకటియు, ఏ1 మిర్చి సెంటరు వద్ద ఒకటియు, సైకిళ్ళపై నుంచిన రెండు బాంబులు ప్రేలి, గర్భస్థ శిశువుతో కూడ 18 ప్రాణములను బలిగొన్నవి. కళాశాల దినములలో మేము బజ్జీలు తిన్న ఆ మలుపును అమెరికాలో టీవీ తెరపై రక్తసిక్తముగా చూచిన రాత్రిని గూర్చి ఇంతకంటె వ్రాయలేను. ఆ బాంబులందు వాడిన అమ్మోనియం నైట్రేటు మన ముక్కునకు వాసనయే లేని పదార్థము. జాగిలమునకు మాత్రము అది స్పష్టముగా ఉన్నది.

మొయినాబాదులోని ఇంటెలిజెన్స్ శిక్షణాలయమున కుక్కకును, దానితో జీవితము గడుపబోవు హ్యాండ్లరుకును కలిపి, నెలల తరబడి శిక్షణ నిత్తురు. అందలి సూత్రము మాత్రము చాల సరళము: ఫలాని వాసన దొరకినచో బంతి దొరకును. మందుగుండు వాసన అనగా మృత్యువని దానికెవ్వరును చెప్పరు, చెప్పినను దానికి పట్టదు. దొరకినచోట గోకరాదనియు, మొరుగరాదనియు, మౌనముగా కూర్చుండవలెననియు మాత్రము నేర్పుదురు. ఏలయన కాలు తగిలిన మాత్రమున ప్రేలు పదార్థములు కలవు. మే నెల ఎండలో నాలుక చాచి వగర్చు కుక్క సరిగా మూర్కొనలేదు గనుక, హ్యాండ్లరు దానిని మాటిమాటికి నీడకు తీసికొనిపోయి నీళ్ళు త్రాగించును. చుట్టును వందలమంది గుండెలు దడదడలాడుచుండగా ఆ జంతువు మాత్రము తన బంతిని వెదకుకొనుచు హాయిగా తిరుగుచుండును!

2025 ఫిబ్రవరి 22న నాగర్‌కర్నూల్ జిల్లా దోమలపెంట వద్ద శ్రీశైలము ఎడమగట్టు కాలువ (ఎస్‌ఎల్‌బీసీ) సొరంగము కూలి 8 మంది లోపల చిక్కుకొన్నప్పుడు, మా ఉప్పలు దారిలోని భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ) వారు రాడారుతో వెదకిరి. పిదప కేరళ పోలీసుల నుండి మాయ, మర్ఫీ అను రెండు బెల్జియన్ మాలినోయ్ జాగిలములను రప్పించిరి. బురద, ఊట నీరు, ముక్కలైన యంత్రపు ఇనుము, వీటన్నిటి అడుగున మానవ దేహమున్న తావును అవి చూపగా, అచట త్రవ్వి మార్చి 9న మొదటి మృతదేహమును వెలికితీసిరి.

ఇంతటి ప్రజ్ఞ ఒక పర్యాయము, మమ్ము చూడ అమెరికాకు వచ్చిన కొత్తపేట నివాసియైన మా పెద్దమ్మ మీదికి తిరిగినది. అమెరికాలో ప్రయాణికుల సామానును మూర్కొను బీగిల్ దళము 1984లో లాస్ ఏంజెలిస్ విమానాశ్రయమున మొదలైనది. ఆ కుక్కలకు తొలుత నేర్పు వాసనలు ఐదు: మామిడి, యాపిల్, నిమ్మజాతి, గొడ్డుమాంసము, పందిమాంసము. పిమ్మట అనుభవము మీద అవి మరెన్నో నేర్చుకొనును. కరివేపాకు కూడ నిమ్మ కుటుంబమునకు చెందినదే. నిమ్మజాతి చెట్లకు పచ్చతెగులు అంటించు సిల్లిడ్ అను చిన్న పురుగు ఆ ఆకు మీదను బ్రతుకును. 2005లో ఫ్లోరిడాలో ఆ తెగులు బయటపడి నారింజ తోటలను మిక్కిలి దెబ్బతీసినందున, పచ్చి కరివేపాకును దేశములోనికి రానీయరు.

ఇదంతయు పెద్దమ్మకు నేను ఫోనులో చెప్పియే యుంటిని. ఆమె వినయముగా విని, కరివేపాకును తడిగుడ్డలో చుట్టి, కవరు మీద కవరు వేసి, ఇంగువ డబ్బాకును ఆవకాయ సీసాకును నడుమ ఇరికించి తెచ్చెను. ఒక వాసన మీద మరియొక వాసన పడినచో మొదటిది మరుగగునన్నది మన ముక్కుల అనుభవము. కుక్క వాటిని విడదీసి, దేనికదిగా పట్టును. పైగా ప్లాస్టిక్ కవరు గుండ వాసన అణువులు మెల్లమెల్లగా వెలువడుచునే యుండును, మూట కట్టిన చేతి వాసనతో పాటు కవరు పైనను అంటుకొని యుండును. చెవులు వ్రేలాడు ఆ పొట్టి కుక్క వచ్చి, ఆమె సంచి చెంత బుద్ధిమంతుడైన శిష్యుని వలె కూర్చుండెను. అధికారి ఆకును తీసికొని, ఆవకాయను వదలి, మర్యాదగా పంపివేసెను.

కారెక్కిన పెద్దమ్మకు కోపము లేదు, సందేహమే యున్నది. "దాని ముక్కును మెచ్చుకోవాలె బిడ్డా, ఇంగువ పక్కన పెట్టినా పట్టింది. గని గంత పని చేసినదానికి ఆ సారు జేబులకెల్లి ఇంత బిస్కెటు ముక్క తీసి ఏసిండు. నాకు పాణం ఒప్పక సకినాలు పెడదామని సంచి విప్పబోతే, వద్దు వద్దని మీదికొచ్చిండ్రు."