అక్క మెడలో రైలు

అక్క వాళ్లిల్లు లాలాగూడలో, రైలు పట్టాలకు కూతవేటు దూరంలో. "రాత్రి దిండు మీద తల పెడితే చాలు, మెడల ఏందో సుయ్‌సుయ్‌మంటది రా" అని ఆమె చెప్పిన రోజున నేను నవ్వాను. "బావ వర్క్‌షాపుల చేరినప్పటి నుంచి ఈడనే ఉన్నవ్. ఇప్పుడు కొత్తగ వినబడుతున్నదా రైలు?" అన్నాను. అక్క మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

రెండు నెలల్లో మనిషి సగమైంది. ఆకలి మాత్రం రెట్టింపు. ఫ్యాను కింద కూర్చున్నా చెమటలు. చాయ్ అందిస్తుంటే కప్పు సాసర్లో గలగలమనేది. డాక్టరమ్మ ఆమెను చెయ్యి చాపమని చూసి, స్టెతస్కోపు ఛాతీ మీద కంటే ముందు మెడ మీద పెట్టింది. చాలాసేపు వింది. రక్తపరీక్షలో టీఎస్‌హెచ్ దాదాపు సున్నా, టీ4 బాగా ఎక్కువ. కార్బిమజోల్ మాత్రలు మొదలుపెట్టి, మెడకు డాప్లర్ స్కానింగ్ రాసింది.

ఆ రిపోర్టు తేవడానికి నేను వెళ్లాను. అక్కడే మొదలైంది నా ఘనకార్యం.

జూనియర్ కాలేజీలో జువాలజీ చెప్పి రిటైరైనవాణ్ణి. ఫొటోలో థైరాయిడ్ గ్రంథి నిండా ఎర్రటి, నీలి మంటలు. కింద 'రక్తప్రసరణ బాగా పెరిగింది' అని ఒక వాక్యం. దానికి పైనే 'గడ్డలు లేవు' అని ఇంకో వాక్యం ఉంది. దాన్ని నా కళ్లు దాటేశాయి. భయపడ్డ కన్ను తనకు కావలసిందే చదువుతుంది కాబోలు. కణితి పెరగాలంటే కొత్త రక్తనాళాలు కావాలని 1971లో జుడా ఫోక్‌మన్ ప్రతిపాదించిన సంగతి నాకు తెలుసు. ఆ నాళాలను మొలిపించే వీఈజీఎఫ్ అనే ప్రోటీన్‌ను 1989లో నపోలియోన్ ఫెరారా బృందం వేరు చేసిందనీ తెలుసు. ఆ రాత్రి ఫోనులో వెతికితే థైరాయిడ్ కేన్సర్ పక్కన మళ్లీ అదే పేరు. రెండూ రెండూ కలిపి ఐదు చేశాను.

ఎవరికీ చెప్పలేదు. "ఈ మాత్రలు నీకు పడవు, ఆపెయ్. పెద్ద డాక్టరుకు చూపిద్దాం" అన్నాను. ఆ పెద్ద డాక్టరు అపాయింట్‌మెంట్ మూడు వారాలకు దొరికింది. ఇరవై రోజులు గడవకముందే ఒక అర్ధరాత్రి బావ ఫోను. ఎమర్జెన్సీలో అక్క నాడి నిమిషానికి 140. "మాత్రలెవరు ఆపమన్నారమ్మా?" అని డ్యూటీ డాక్టరు గద్దిస్తే, అక్క నా వైపు చూడకుండా, "నేనే మరిచిపోయిన సార్" అంది.

ఆ అబద్ధం నన్ను పొద్దుటిదాకా కూర్చోనివ్వలేదు, నిలబడనివ్వలేదు. తెల్లారాక డాక్టరమ్మ దగ్గరికి వెళ్లి ఉన్నదంతా చెప్పాను. ఆమె కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. కాగితం మీద బొమ్మ గీసింది.

థైరాయిడ్ బరువు ఇరవై గ్రాములకు అటూఇటూ. కానీ ఆ తూకానికి అందే రక్తం చూస్తే శరీరంలో ముందువరస అవయవమది. అక్కకు వచ్చిన గ్రేవ్స్ జబ్బులో, పిట్యూటరీ నుంచి వచ్చే టీఎస్‌హెచ్ కూర్చోవలసిన చోట మన సొంత యాంటీబాడీలే వచ్చి కూర్చుంటాయి. ఇక గ్రంథికి విరామం లేదు. హార్మోనుతో పాటు దాని కణాలు వీఈజీఎఫ్‌నూ వదులుతాయి. చుట్టూ కొత్త రక్తనాళాలు మొలుస్తాయి, ఉన్నవి వెడల్పవుతాయి. వాటిలో ఉరకలేసే రక్తం చప్పుడే ఆమె స్టెతస్కోపులో విన్నది. డాప్లర్‌లో కనిపించే ఆ మంటలకు 1988 నుంచి 'థైరాయిడ్ ఇన్‌ఫెర్నో' అని పేరే ఉందట. నిల్వ హార్మోను కారిపోయే థైరాయిడైటిస్ అయితే ప్రసరణ సాధారణంగా తగ్గి ఉంటుంది, అందులో ఈ మాత్రలు పనిచేయవు. అంటే నేను కేన్సర్ అనుకుని వణికిన ఆ వాక్యమే, అక్కకు ఇస్తున్న మందు సరైనదని చెబుతున్న వాక్యం.

బావకు ఇదంతా చెబితే ఒక్క మాటలో తేల్చేశాడు. "వర్క్‌షాపు మూడు షిఫ్టులు నడిస్తే సైడింగ్ లైన్లు పెంచరా మరి?"

కేన్సర్‌లోనూ ఇదే ప్రోటీన్ పనిచేస్తుందన్నది నిజమే. రేడియో అయోడిన్‌కు లొంగని థైరాయిడ్ కేన్సర్‌కు 2015లో అమెరికాలో అనుమతి పొందిన లెన్వాటినిబ్ దాని గ్రాహకాలనే అడ్డుకుంటుంది. నేను తెలుసుకోని సగం ఇంకొకటుంది. కిడ్నీ కేన్సర్‌కు వాడే సునిటినిబ్ లాంటి మందులు ఆ దారిని మూసేస్తే, ఏ రోగమూ లేని థైరాయిడ్‌లో కూడా సన్న నాళాలు ఎండిపోయి, చాలామందికి హార్మోను తగ్గిపోతుంది. మామూలు రోజుల్లో ఈ గ్రంథిని బతికించేదీ ఆ ప్రోటీనే. పిల్లలకు ఏళ్ల తరబడి దాన్ని కేన్సర్ పాఠంలోనే చెప్పాను.

అక్క మాత్రలు మళ్లీ మొదలుపెట్టింది. వేసుకున్నన్నాళ్లూ గొంతునొప్పి, జ్వరం వస్తే వెంటనే ఆపి తెల్లకణాల లెక్క చూపించుకోవాలని డాక్టరమ్మ చెబితే ఈసారి చీటీ మీద రాసుకుని ఫ్రిజ్‌కు అంటించాను. ఆరు నెలల తర్వాత స్కానింగ్‌లో మంటలు చాలావరకు అణిగాయి. రిపోర్టు ప్రతి వాక్యమూ రెండుసార్లు చదివి, ఆ కబురు చెబుదామని లాలాగూడ వెళ్లాను. అక్క చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది.

"మరి ఆ సుయ్‌సుయ్ ఏమైంది అక్కా?" అన్నాను.

"అది ఆగి శానా దినాలాయె" అంది తలెత్తకుండా. "నువ్వడిగితివా?"