చెట్టు పేరు, ఊరి పేరు: కరీంనగర్, ఆదిలాబాద్ యాత్రా లేఖలు

మొదటి లేఖ: కరీంనగర్



ఇటలీ వైన్‌కు గుర్తింపు రెండు దారుల్లో వస్తుంది: ఒకటి ద్రాక్ష జాతి, రెండవది అది పండిన నేల. పీడ్‌మాంట్ కొండల్లోని నెబ్బియోలో ద్రాక్ష బరోలో, బార్బరెస్కో అనే వైన్లకు, టస్కనీలోని సాంజొవేజె ద్రాక్ష కియాంతికి ఆధారం కాగా, దక్షిణాన కంపానియా, బసిలికాటా ప్రాంతాలకు అల్యానికో, సిసిలీ ద్వీపానికి నేరో దావొలా పేరు తెచ్చాయి. ఏ పేరుతో అమ్మే వైన్ ఏ ప్రాంతంలో, ఏ ద్రాక్షతో, ఏ పద్ధతిలో తయారు కావాలో ఇటలీ ప్రభుత్వం 1963లో చట్టం ద్వారా నిర్ణయించడంతో, రైతులకు తరతరాలుగా తెలిసిన సంగతి సీసా మీద ముద్రగా మారింది. ఉత్తర తెలంగాణలో ఆ స్థానం ఈత, తాటి, ఇప్ప చెట్లది. పానీయాన్ని చెట్టును బట్టి, కాలాన్ని బట్టి, ఊరిని బట్టి పోల్చుకునే నేర్పు ఇక్కడ కూడా పాతదే అయినా, దానికి ముద్ర వేసిన చట్టం మాత్రం లేదు. మానేరు ఒడ్డు నుంచి ఉట్నూరు దాకా రాసే ఈ లేఖలకు విషయం ఆ తేడాయే.

కరీంనగర్ చుట్టుపక్కల చెరువు కట్టల వెంట, పొలం గట్ల మీద మొదట కనిపించేవి ఈదులు, అంటే ఈతచెట్లు. ఈతకల్లు ప్రధానంగా చలికాలపు పానీయం. గీత కార్మికుడు చెట్టు తలభాగంలో ఒక పక్క మట్టలు నరికి, లోపలి మెత్తని భాగం బయటపడేలా పలచగా చెక్కి, ఊరే రసం లొట్టిలోకి, అంటే చెట్టుకు కట్టే చిన్న కుండలోకి, జారేలా దారి చేస్తాడు. కొన్నాళ్లు గీసిన చెట్టుకు కొన్నాళ్లు విశ్రాంతి ఇవ్వకపోతే అది ఎండిపోతుంది. ఒక ఏడు ఒక పక్కన, మరుసటి ఏడు దానికి ఎదుటి పక్కన గీయడం వల్ల పాత ఈతచెట్టు కాండం కోతల మెట్లతో వంకరటింకరగా పెరుగుతుంది, ఆ మెట్లను లెక్కపెడితే చెట్టును ఎన్నేళ్లు గీశారో చెప్పవచ్చు.

తాటికల్లు సంగతి వేరు. తాటిచెట్టులో కాండాన్ని ముట్టుకోరు. పూగెల కొసను కత్తితో పొద్దుమాపు పలచగా చెక్కుతూ పోతే రసం కారుతుంది. తాటిలో ఆడ, మగ చెట్లు వేరు వేరు. మగదాన్ని పోతుతాడు అనీ, కాయ కాసేదాన్ని పండుతాడు అనీ పిలుస్తారు. రెండింటి గెలలూ వేరు, కల్లు పారే కాలాలూ వేరు కాబట్టి, తాగేవారు చలికాలం చివరి నుంచి ఎండాకాలం దాకా ఒకే జాతి చెట్టులోనూ రుచి మారడాన్ని గమనిస్తారు. మండువలో, అంటే చెట్ల కిందనే కల్లు పోసే చోట, తాటాకును దొప్పలా మడిచిన రేకను రెండు చేతులా నోటికి పట్టుకుంటే, పైనుంచి కుండతో సన్నని ధారగా పోస్తారు. ఆకు పచ్చివాసన కల్లు పులుపుతో కలిసే ఆ రుచి గాజు గ్లాసులో దొరకదు.

రెండవ లేఖ: హుస్నాబాద్ దారి

కల్లు గీత గౌడుల కులవృత్తి. నడుముకూ చెట్టుకూ చుట్టే మోకు, ముస్తాదు, పాదాలకు తగిలించుకునే గుజి, నడుము వెనుక కత్తులు, లొట్టి ఇవే వృత్తి సాధనాలు. జారిపడి ప్రాణాలు పోవడం, నడుము విరిగి మంచానపడడం ఈ వృత్తిలో అరుదు కాదు గనుక, 2024 జులైలో రాష్ట్ర ప్రభుత్వం పంపిణీ మొదలుపెట్టిన భద్రతా సామగ్రికి గౌడుల కులదైవం పేరిట కాటమయ్య రక్షా కవచం అని పేరు పెట్టారు. కాటమయ్యతో పాటు రేణుకా ఎల్లమ్మ కూడా వారి ఆరాధ్య దేవత. ఎల్లమ్మకు బోనంతో పాటు కల్లు సాక పోయడం, అంటే కల్లును ధారగా నేలకు విడిచి సమర్పించడం, గౌడులకే పరిమితం కాక ఊరందరి ఆచారంగా ఉంది.

హుస్నాబాద్, సైదాపూర్ ప్రాంతంలోని సర్వాయిపేట కోట సర్వాయి పాపన్నను గుర్తుచేస్తుంది. గీత కులంలో పుట్టిన పాపన్న మనుషుల్ని కూడగట్టి, కోటలు కట్టి, 1708లో వరంగల్ నగరాన్ని కొల్లగొట్టి, 1710లో మొగలుల చేతిలో మరణించాడు. ఆయన కథ జనం పాటగా బతికింది.

కల్లుతో రాజ్యానికి ఉన్న బంధం ముఖ్యంగా పన్ను బంధం. నిజాం ప్రభుత్వానికి ఆబ్కారీ, అంటే మత్తు పానీయాల మీది సుంకం, పెద్ద ఆదాయ వనరుల్లో ఒకటి. గీసే ప్రతి చెట్టుకూ పన్ను కట్టే పద్ధతి స్వాతంత్ర్యం తరువాత కూడా సాగి, తెలంగాణ ఏర్పడ్డాక రద్దయింది. సర్కారు చెట్టును లెక్కపెట్టింది గాని, ఆ చెట్టు కల్లుకు ఊరి పేరు ఇవ్వాలని తలచలేదు. ఆ లోటు ఫలితం కృత్రిమ కల్లులో కనిపిస్తుంది: క్లోరల్ హైడ్రేట్, డయాజెపాం, ఆల్ప్రజోలం వంటి మత్తుమందులను నీళ్లలో, చక్కెరలో కలిపి కల్లు పేరుతో అమ్మినప్పుడు, అది ఏ చెట్టుదో, ఏ ఊరిదో చెప్పవలసిన బాధ్యత ఎవరి మీదా ఉండదు.

మూడవ లేఖ: ధర్మపురి

జగిత్యాల మీదుగా ధర్మపురి చేరి, రాయపట్నం వంతెన మీద గోదావరి దాటితే పాత ఆదిలాబాద్ జిల్లా మొదలవుతుంది. ఈ లేఖలో చెప్పవలసింది కొంచెమే: కల్లు ఎందుకు దూరం పోదు అన్నది. చెట్టు నుంచి దిగే తాజా రసంలో సుమారు 10 నుంచి 14 శాతం చక్కెర ఉంటుంది. గాలిలోనూ లొట్టిలోనూ ఉండే ఈస్టు, బాక్టీరియా దాన్ని వెంటనే ఆల్కహాల్‌గా మార్చడం మొదలుపెట్టి, సాయంత్రానికి 4, 5 శాతానికి చేర్చి, ఆపైన పులుపు వైపు నడిపిస్తాయి. కుండకు సున్నం పూసి ఆ మార్పును ఆపితే అది నీరా, అంటే మత్తు లేని తీపి రసం. 2023లో హైదరాబాద్ నెక్లెస్ రోడ్డు మీద ప్రారంభమైన నీరా కేఫ్ దీనికి పట్టణపు ఆదరణ తెచ్చే ప్రయత్నం. బరోలో ఏళ్ల తరబడి పీపాల్లో, సీసాల్లో పండి సముద్రాలు దాటుతుంటే, కల్లు పుట్టిన పూటనే, పుట్టిన చెట్టు కిందనే అసలు రుచిలో ఉంటుంది. దాన్ని ఎరగాలంటే తాగేవారే చెట్టు దగ్గరికి రావాలి.

నాలుగవ లేఖ: ఉట్నూరు

లక్సెట్టిపేట, జన్నారం దాటి కవ్వాల్ అడవి గుండా ఉట్నూరు వైపు వచ్చేసరికి ఈత, తాటి వెనుకబడి ఇప్పచెట్టు ముందుకు వస్తుంది. గోండులు, కొలాములు, ప్రధాన్లు, తోటీలు, నాయకపోడులు ఉండే ఈ నేలలో ఇప్ప తిండి, నూనె, సారా, నైవేద్యం అన్నీ అయిన చెట్టు. మార్చి, ఏప్రిల్ నెలల్లో తెల్లవారకముందే కండగల లేతపసుపు పువ్వులు రాలుతుంటే, ఎండెక్కక ముందే ఆడవాళ్లు, పిల్లలు గంపల్లోకి ఏరుతారు. ఎండాక పువ్వు ముదురు గోధుమ రంగుకు తిరిగి, కిస్మిస్ పండులా ముడుచుకుపోయి, బరువులో సగానికి పైగా చక్కెరే అవుతుంది. ఆ పువ్వును నీళ్లలో నానబెట్టి, పులియనిచ్చి, కుండలో కాచి, ఆవిరిని చల్లార్చి పట్టేది ఇప్పసారా. కల్లు పులిసిన రసమైతే ఇది కాచి తీసిన మద్యం కాబట్టి, రెంటినీ ఒకే గాటన కట్టడం సరికాదు. ఆరోగ్యానికి చేసే హానిలోనూ ఘాటు ఎక్కువ ఉన్న పానీయం ముందుంటుంది.

గోండుల ఆచారంలో ఇప్పసారా మొదటి బొట్లు దేవతలకూ పూర్వీకులకూ చెందుతాయి. 1940లలో ఈ అడవుల్లో ఉండి, 1948లో ఆదిలాబాద్ రాజ్‌గోండుల మీద గ్రంథం ప్రచురించిన మానవశాస్త్రవేత్త క్రిస్టోఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్, ఆయన భార్య బెట్టీ ఎలిజబెత్ ఈ జనానికి ఎంత దగ్గరయ్యారో జైనూర్ మండలం మార్లవాయిలోని వారి సమాధులు చెబుతాయి. ఆదివాసులకు ఆచారమైన ఈ సారా చట్టం కంటికి మాత్రం నేరంగానే కనిపించింది. 1892లో బొంబాయి ప్రెసిడెన్సీలో వచ్చిన మౌరా (ఇప్ప) చట్టం పువ్వును దగ్గర ఉంచుకోవడాన్ని సైతం కట్టడి చేసింది. అయితే, సారాయి వ్యతిరేక ఉద్యమం తరువాత 1993లో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ సారాను నిషేధించడానికి ఊరూరా ఆడవాళ్లు పడిన బాధ కారణం కాబట్టి, ఆ నిర్ణయాన్ని తేలికగా తీసిపారేయలేము.

ఇదే ఉట్నూరులో ఆదివాసీ మహిళల సంఘం అదే పువ్వును వేయించి, పల్లీలు, నువ్వులు, బెల్లం కలిపి లడ్డూలు చేసి, రక్తహీనత తగ్గించే తిండిగా గిరిజన హాస్టళ్లకు అందిస్తున్నది. స్థానిక పానీయానికి ముద్ర వేసిన సందర్భాలు మన దేశంలోనూ ఉన్నాయి: ఫెనీ అనే గోవా మద్యానికి 2009లో భౌగోళిక గుర్తింపు దక్కింది; మధ్యప్రదేశ్ ఇప్పసారాను వారసత్వ మద్యంగా గుర్తించి విధానం తెచ్చింది. కరీంనగర్, ఆదిలాబాద్‌లకు ఇటలీ నుంచి అందే పాఠం ఎక్కువమంది తాగాలన్నది కాదు. ద్రాక్షను కాపాడకుండా వైన్ పేరును కాపాడలేమన్నది. ఈదులవనం నరికి ప్లాట్లు వేసి, గీత తెలిసిన చేతులు లేకుండా చేసి, ఇప్ప కింది నేలను మంటలకు వదిలిపెట్టి తెచ్చుకున్న గుర్తింపు పత్రం ఒట్టి కాగితమే అవుతుంది. చెట్టుకు, గీసే మనిషికి, పువ్వు ఏరే ఆడవాళ్లకు ముందు హక్కు, భద్రత దక్కితే, నీరాకైనా లడ్డూకైనా ఊరి పేరు నిలబడుతుంది.