చీలల మీద నిలిచిన ఇల్లు

ఆల్‌ఫ్రిస్టన్, ససెక్స్
గురువారం

నాన్నగారూ,

లండన్ వదిలి దక్షిణాన కక్‌మియర్ ఏటి పక్కనున్న ఈ పల్లెకు వచ్చాను. చర్చి వెనక గడ్డి కప్పుతో ఒక పాత ఇల్లుంది. క్లర్జీ హౌస్ అంటారు. వయసు దాదాపు 600 ఏళ్లు. మీరే వచ్చుంటే తిన్నగా మూలల దగ్గరికెళ్లి అతుకులు తడిమి చూసేవారు. నేనూ ముందు అదే పని చేశాను.

అప్పటి వడ్రంగులు ఓక్ మానును పచ్చిగా ఉండగానే చెక్కేవారు, ఎండితే ఉలికి లొంగదు గనక. దూలం కొసను పలచగా చెక్కి గుంజ బెజ్జంలో దూర్చి, అడ్డంగా చెక్క చీల దిగ్గొట్టేవారు. చీల పట్టే రంధ్రాలు రెండూ సరిగ్గా ఎదురెదురుగా ఉండవు, ఒకటి కాస్త పక్కకు తొలుస్తారు. దాంతో చీల దిగేకొద్దీ అతుకు తనంతట తనే దగ్గరికి లాక్కుంటుంది. ఆ పైన కలప ఎండుతూ బిగిసిపోతుంది. గుంజల నడుమ తడికె అల్లి, మట్టి, గడ్డి, పేడ కలిపి మెత్తేవారు, మన పాత గోడల్లాగే.

నడిమి గది నేల నుంచి కప్పు దాకా ఖాళీ. ఆ రోజుల్లో పొయ్యి నేల మధ్యలోనే. పొగగొట్టం లేదు, కిటికీలకు అద్దాలు లేవు. రెండు పక్కలా మేడగదులు ముందుకు పొడుచుకొచ్చి ఉంటాయి. కప్పు మాత్రం అంతటికీ ఒకటే కాబట్టి నడిమి భాగం లోపలికి జరిగినట్టుంటుంది. అక్కడి చూరును వంపు కొయ్యలు మోస్తాయి. వీటిని వీల్డెన్ ఇళ్లంటారు. ఈ ఇంటి నేల సుద్దరాయి దంచి, పులిసిన పాలు పోసి గట్టిచేసింది!

ఇంత ఇంటినీ కూల్చేద్దామనుకున్నారు. ఊరి పాదిరీ పట్టుబట్టడంతో 1896లో పాత కట్టడాల్ని కాపాడే నేషనల్ ట్రస్ట్ 10 పౌండ్లకు కొంది. ఆ సంస్థ కొన్న మొదటి ఇల్లు ఇదే. నల్ల దూలాలు, తెల్ల గోడలు అని బొమ్మల్లో చూస్తాం గానీ ఆ నలుపు చాలాచోట్ల విక్టోరియా కాలపు మోజు. రంగు తగలని ఓక్ వెండి బూడిదరంగుకు తిరుగుతుంది. నాకైతే అదే అందం.

సింగిల్టన్
ఆదివారం

నాన్నగారూ,

ఇక్కడి మ్యూజియంలో బేలీఫ్ అని ఇంకో వీల్డెన్ ఇల్లుంది. కెంట్‌లో బౌ బీచ్ జలాశయం కట్టేటప్పుడు దీన్ని విప్పదీసి తెచ్చి మళ్లీ నిలబెట్టారు, నాగార్జునసాగర్ నిండకముందు అక్కడి కట్టడాల్ని అనుపుకు తరలించినట్టు. ఇలాంటి ఇళ్ల చట్రాన్ని మొదట నేల మీద పరిచి, అతుకులు సరిచూసి, ప్రతి కొయ్య మీదా ఉలితో గుర్తు గీసి, విప్పి, తర్వాతే ఇల్లు కట్టే చోటికి తెచ్చి నిలబెట్టేవారు. విప్పడానికి వీలుగా పుట్టిన ఇల్లు కాబట్టే ఇన్ని వందల ఏళ్ల తర్వాత కూడా విప్పగలిగారు. వాసాల మీద పాత పొగ మసి అలాగే ఉంది.

ఒక సంగతి మిమ్మల్నే అడగాలి. మన మద్ది కలపను పచ్చిగా చెక్కి, ఎండిన చీల కొడితే ఇలాగే పట్టుకుంటుందా, పగులుతుందా? జవాబు రాయండి.

మీ అబ్బాయి